చెట్టుకొకరు పుట్టకొకరు: శ్రీలంక యుద్ధంలో కుటుంబం

1983 జూలై చివరి వారంలో కొలంబో వీధుల మీద పడ్డ మూకల చేతుల్లో కర్రలు, పెట్రోలు డబ్బాలతో పాటు ఓటర్ల జాబితాలు కూడా ఉన్నాయి. ఏ గుమ్మం తమిళులదో ఆ కాగితాల్లో చూసుకుని మరీ తగలబెట్టారు. ఉత్తరాన జాఫ్నా పక్కన తిరునల్వేలిలో తమిళ సాయుధ దళం ఎల్‌టీటీఈ (తమిళ పులులు) మాటువేసి 13 మంది సైనికులను చంపిన మర్నాడు మొదలైన మారణకాండ అది. ప్రభుత్వం మృతులు కొన్ని వందలంది, తమిళులు వేలన్నారు. అదే వారంలో ఎన్నో సింహళ కుటుంబాలు పక్కింటి తమిళులను తమ ఇళ్లలో దాచి కాపాడాయి. ఒకే వీధిలో ఒక ఇల్లు కాలుతుంటే, దాని పక్కిల్లు తలుపు తీసి లోపలికి రమ్మంది.

ఈ యుద్ధం మీద వచ్చిన రాతలకు లెక్కలేదు. 1956 నాటి సింహళ భాషా చట్టం, విశ్వవిద్యాలయ సీట్ల వివాదం, 1981లో జాఫ్నా గ్రంథాలయ దహనం, 1987 భారత్-లంక ఒప్పందం, 2002 కాల్పుల విరమణ, 2009 మేలో ముల్లివాయ్‌కాల్: ఈ మజిలీల మీదుగానే కథ చెబుతుంటారు. ఇవన్నీ తెలియాల్సినవే. అయితే ఇంటి గడప దగ్గర నిలబడి చూస్తే ఇదే చరిత్ర మరోలా కనబడుతుంది. కష్టకాలంలో కుటుంబమంతా ఒకరి చెయ్యి ఒకరు వదలకుండా గట్టెక్కే కథలంటే మనకు ప్రీతి. లంకలో చాలా కుటుంబాలు దీనికి పూర్తిగా ఎదురుదారిలో నడిచి ప్రాణాలు దక్కించుకున్నాయి. చెట్టుకొకరు పుట్టకొకరు కావడమే వాళ్లకు మిగిలిన ఉపాయం. ఒక కొడుకును పరదేశం పంపారు. ఒక కూతురికి వయసు రాకుండానే పెళ్లి చేశారు. ముసలివాళ్లను ఇంటికి కాపలాగా వదిలేసి మిగతావాళ్లు నడిచి వెళ్లిపోయారు. అందరూ ఒకేచోట ఉంటే అందరూ ఒకేసారి పోతారన్న లెక్క ప్రతి ఇంట్లోనూ వేసుకున్నారు. ఆ లెక్క వేసిన తల్లిదండ్రుల ప్రేమను అర్థం చేసుకోకుండా ఈ యుద్ధాన్ని అర్థం చేసుకోలేమని నా నమ్మకం.

కుటుంబాలను చీల్చే పని తుపాకుల కంటే ముందు కాగితాలు మొదలుపెట్టాయి. స్వాతంత్ర్యం వచ్చిన 1948లోనే సిలోన్ పౌరసత్వ చట్టం తేయాకు తోటల తమిళ కూలీలను ఏ దేశానికీ చెందనివాళ్లుగా చేసింది. 1964 అక్టోబరులో సిరిమావో బండారనాయకే, లాల్ బహదూర్ శాస్త్రి కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం వాళ్లలో 5,25,000 మందిని భారత్ తీసుకోవాలి, 3,00,000 మందికి లంక పౌరసత్వం ఇవ్వాలి. మిగిలిన లక్షన్నర మంది సంగతి తర్వాత చూద్దామనుకుని, పదేళ్ల తర్వాత వాళ్లను చెరిసగం పంచుకున్నారు. తరతరాలుగా అక్కడే పుట్టి పెరిగిన మనుషులను ఇలా వాటాలు వేశారు. అన్నకు ఒక దేశం, తమ్ముడికి ఒక దేశం వచ్చిన ఇళ్లున్నాయి. అలా ఇటు వచ్చినవాళ్లలో ఎక్కువమంది తమిళనాడుకు చేరారు. కొందరికి కేరళ, కర్ణాటక రబ్బరు తోటల్లో పని చూపారు, కొన్ని కుటుంబాలను ఆంధ్రప్రదేశ్ నూలు మిల్లులకు పంపారు. మన ప్రాంతంలో ఈ వలస గురించి రాసినవాళ్లు అరుదు.

1983 తర్వాత చీలికలు ఇంటి లోపలికి వచ్చాయి. జాఫ్నా యువకులు చదువులు వదిలి సాయుధ దళాల్లో చేరారు. అప్పటికి ఉన్నది ఎల్‌టీటీఈ ఒక్కటే కాదు. టెలో, ప్లాట్, ఈరోస్, ఈపీఆర్ఎల్ఎఫ్, ఇంకా చిన్నాచితకా దళాలెన్నో. ఒకే తల్లి కొడుకులు వేర్వేరు దళాల్లో ఉండేవారు. 1986లో ఎల్‌టీటీఈ టెలోను తుడిచిపెట్టినప్పుడు చచ్చినవాడూ చంపినవాడూ ఒకే వీధి పిల్లలు. బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు. వి.వి. గణేశనందన్ ఆంగ్ల నవల 'బ్రదర్‌లెస్ నైట్' ఈ కాలాన్ని ఒక చెల్లెలి వైపు నుంచి చెబుతుంది. వైద్య విద్యార్థిని అయిన ఆ అమ్మాయి అన్నదమ్ములు ఒక్కొక్కరే ఇల్లు విడిచిపోతారు. 2024లో ఈ నవలకు విమెన్స్ ప్రైజ్ వచ్చింది. ఉద్యమం మీద ప్రేమ, అన్నదమ్ముల మీద ప్రేమ, ఉద్యమం చేసే హత్యల మీద ఏవగింపు ఒకే మనిషిలో ఎలా ఉండగలవో ఇంత నిజాయితీగా చెప్పిన నవలలు తక్కువ.

అందులోని ఒక ముఖ్య పాత్రకు ప్రేరణ డాక్టర్ రజని తిరణగామ. ఈ సమీక్షలో ఆమె ఇంటి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. జాఫ్నా తమిళ క్రైస్తవ కుటుంబంలో పుట్టిన రజని, కొలంబోలో వైద్యం చదువుతూ సింహళ వామపక్ష కార్యకర్త దయాపాల తిరణగామను ప్రేమించి 1977లో పెళ్లాడింది. ఆమె అక్క నిర్మల ఉగ్రవాద నిరోధక చట్టం కింద జైలుకెళ్లి, ఎల్‌టీటీఈ చెర విడిపించాక ఆ సంస్థలో పనిచేసి, దాని పద్ధతులు నచ్చక బయటికొచ్చేసింది. రజని కూడా మొదట గాయపడ్డ పులులకు కట్లు కట్టిన డాక్టరే. తర్వాత ఇంగ్లండులో పై చదువు పూర్తిచేసింది. అక్కడే ఉండిపోవచ్చు. చిన్నపిల్లలైన ఇద్దరు కూతుళ్లతో జాఫ్నాకు తిరిగొచ్చి విశ్వవిద్యాలయంలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించింది. ఆ ఊళ్లో సింహళ భర్త కలిసి ఉండే వీలు లేదు. దయాపాల దక్షిణాదిలోనే ఉండి పోరాడాడు.

1987 అక్టోబరులో, భారత్-లంక ఒప్పందం మేరకు వచ్చిన భారత శాంతి సేన జాఫ్నా ఆసుపత్రిలోకి చొరబడి వైద్యులను, నర్సులను, రోగులను కాల్చి చంపింది. శాంతి సేన చేసిన అత్యాచారాల గురించి ఊరి ఆడవాళ్ల దగ్గర కూర్చుని విని రాసుకున్నది రజని. లంక సైన్యాన్ని, శాంతి సేనను, పులులను ఒకే నిక్కచ్చితనంతో నిలదీస్తూ రాజన్ హూల్, దయా సోమసుందరం, కె. శ్రీధరన్‌లతో కలిసి 'ద బ్రోకెన్ పామైరా' పుస్తకం రాసింది. అది సరిగా జనంలోకి రాకముందే, 1989 సెప్టెంబరు 21న, విశ్వవిద్యాలయం నుంచి సైకిల్ మీద ఇంటికి వస్తుంటే ఇంటి దాపులోనే కాల్చి చంపారు. అప్పటికి ఆమెకు 35 ఏళ్లు. చంపింది ఎల్‌టీటీఈయేనని కుటుంబమూ సహచరులూ అంటారు.

ఆ ఇద్దరు కూతుళ్లలో ఒకరైన శారిక తిరణగామ పెద్దయ్యాక మానవ శాస్త్రవేత్త అయింది. 2011లో వచ్చిన ఆమె పుస్తకం 'ఇన్ మై మదర్స్ హౌస్' యుద్ధంలో ఇల్లు అన్న విషయం మీద నాకు తెలిసినంతలో అన్నిటికంటే లోతైన పని. అమ్మ స్మృతిగా మొదలుపెట్టి, జాఫ్నా తమిళులూ, ఉత్తరాది నుంచి తరిమివేతకు గురైన ముస్లింలూ తమ ఇల్లు, ఊరు, పొరుగు గురించి ఏం చెప్పుకుంటారో ఆమె విన్నది. 1990 నుంచి 1995 వరకు జాఫ్నా పులుల ఏలుబడిలో ఉన్నప్పుడు ఊరు దాటాలంటే వాళ్ల దగ్గర పాస్ తీసుకోవాలి. పాస్ కావాలంటే వెనక ఒకరు జామీను ఉండాలి. కొడుకు బయటికెళ్తే ఆ పూచీ అమ్మదో, నాన్నదో. ఇంట్లోవాళ్లకున్న మమకారాన్నే తాకట్టు పెట్టుకుని నడిచిన పాలన అది. పులుల రాజ్యాన్ని తమిళుల ఆత్మగౌరవ పాలనగా తలచుకునేవాళ్లు ఈ ఒక్క ఏర్పాటు గురించి ఆలోచించాలి.

ముస్లింల సంగతి మన పత్రికల్లో ఎప్పుడూ పక్కకు పోతుంది. 1990 అక్టోబరులో ఉత్తర రాష్ట్రంలోని ముస్లింలందరినీ, సుమారు 75 వేల మందిని, ఎల్‌టీటీఈ ఊళ్లు ఖాళీ చేయించి తరిమేసింది. జాఫ్నా పట్టణంలో ఇచ్చిన గడువు రెండు గంటలు. బంగారం, డబ్బు, ఇంటి పత్రాలు లాక్కున్నారు. వాళ్లు మాట్లాడేది తమిళమే, వాళ్ల పిల్లల బడి చదువూ తమిళంలోనే. అంతకు రెండు నెలల ముందు తూర్పున కాత్తాన్‌కుడి మసీదుల్లో నమాజు చేస్తున్నవాళ్లను, తండ్రుల పక్కన మోకరిల్లిన పిల్లలతో సహా, కాల్చి చంపారు. తరిమివేత తప్పేనని పులుల నాయకత్వం ఒప్పుకోవడానికి పన్నెండేళ్లు పట్టింది. పుత్తళం శిబిరాల్లో ఈలోపు ఒక తరం పుట్టి పెరిగింది. ఊరికి తిరిగి వెళ్దామని పెద్దలు, పరాయి ఊరికి ఎందుకని పిల్లలు. చీలిక అక్కడా వచ్చింది.

సింహళ ఇళ్లను వదిలేస్తే ఈ చర్చ అబద్ధమవుతుంది. సరిహద్దు పల్లెల్లో, అనురాధపురం బస్‌స్టాండులో పులులు చంపింది పేద సింహళ కుటుంబాలనే. సైన్యంలో చేరినవాళ్లూ ఎక్కువగా వానల మీద ఆధారపడ్డ పొలాల ఇంటి పిల్లలే. 1998లో కిలినొచ్చి పోరులో కొడుకు జాడ తెలియకుండా పోయిన విశాఖ ధర్మదాస, గల్లంతైన సైనికుల తల్లిదండ్రులను కూడగట్టి, పులుల నాయకులతో నేరుగా మాట్లాడి, తమిళ తల్లులతో కలిసి కూర్చుంది. కొడుకు ఎక్కడని అడిగే హక్కు తనకుంటే ఎదుటి తల్లికీ ఉంటుందని గుర్తించిన మనిషి ఆమె. ఇక 1987-90 మధ్య దక్షిణాదిలో సింహళ వామపక్ష పార్టీ జేవీపీ తిరుగుబాటును అణిచేటప్పుడు వేలాది సింహళ యువకులను ప్రభుత్వ దళాలే మాయం చేశాయి. 1990లో అక్కడ తల్లుల సంఘం పుట్టింది. గుళ్ల ముందు కొబ్బరికాయలు కొట్టి పాలకులను శపించేవారు ఆ తల్లులు. వాళ్ల ఫిర్యాదులను, ఫొటోలను మూటకట్టుకుని జెనీవాలో ఐక్యరాజ్యసమితికి ఇద్దామని బయల్దేరితే విమానాశ్రయంలో పోలీసులు లాక్కున్నది ఒక పార్లమెంటు సభ్యుడి దగ్గర. ఆయన పేరు మహింద రాజపక్స. 2009లో యుద్ధం ముగిసేనాటికి దేశాధ్యక్షుడు ఆయనే. ఆ ఏడాది మాయమైనవాళ్ల తల్లులు జెనీవాకు వెళ్తే దేశద్రోహులన్నారు.

తల్లులను అందరూ వాడుకున్నారు. పులులు వీరమాతలని పొగిడారు. కొలంబో వీరసైనికుల తల్లులని బ్యానర్లు కట్టింది. పొగడ్త ఎక్కడ ఆగుతుందంటే, తల్లి ప్రశ్న అడిగిన చోట. 1996 సెప్టెంబరులో జాఫ్నాలో ఒక విద్యార్థిని పరీక్ష రాసి సైకిల్ మీద ఇంటికొస్తూ చెమ్మణి దగ్గర సైనిక తనిఖీ కేంద్రంలో చిక్కింది. బిడ్డ రాలేదని తల్లి, తమ్ముడు, పక్కింటి మనిషి వెతుక్కుంటూ అదే కేంద్రానికి వెళ్లి అడిగారు. నలుగురినీ చంపి పూడ్చారు. 1998లో ఈ కేసులో శిక్షపడ్డ సైనికుడొకడు, చెమ్మణి నేలలో ఇంకా వందల శవాలున్నాయని కోర్టులోనే చెప్పాడు. మరుసటి ఏడాది తవ్వి 15 అస్థిపంజరాలు తీసి, ఆపేశారు. 2025లో చెమ్మణిలో మళ్లీ తవ్వకాలు జరిగితే చిన్నపిల్లల ఎముకలు, వాటితో పాటు బడి సంచీ, ఆటబొమ్మ బయటపడ్డాయి. పిల్ల కోసం అడగడానికి వెళ్లిన ఆ ముగ్గురికీ అక్కడ ప్రమాదముందని తెలియక కాదు. జాఫ్నాలో తనిఖీ కేంద్రమంటే ఏమిటో ఎరగని మనిషి లేడు.

ఉత్తరాన వన్ని ప్రాంతంలో యుద్ధపు చివరి మూడేళ్లు ఈ కథకు అన్నిటికంటే చీకటి భాగం. 2006లో యుద్ధం మళ్లీ రాజుకున్నాక పులులు ఇంటికొకరిని ఇవ్వాలన్నారు. తర్వాత ఒకరు చాలరన్నారు. పెళ్లయినవాళ్లను తీసుకెళ్లరని తెలిసి తల్లిదండ్రులు హడావిడిగా పెళ్లిళ్లు చేశారు, ముందూ వెనకా చూసే వ్యవధి లేకుండా. కొన్నాళ్లకు పెళ్లయినవాళ్లనూ వదల్లేదు. పిల్లలను నేలలో గోతులు తీసి దాచారు. అనుక్ అరుద్‌ప్రగాశం మొదటి నవల 'ద స్టోరీ ఆఫ్ ఎ బ్రీఫ్ మ్యారేజ్' అలాంటి ఒక పెళ్లి గురించే. శిబిరంలో ఒక తండ్రి తన కూతురిని చేసుకోమని ఒక యువకుణ్ణి అడుగుతాడు. ఒక పగలూ రాత్రీ నడిచే నవల. స్నానం చేయడం, అన్నం వండుకోవడం, పక్కన మరో మనిషి ఊపిరి వినబడటం లాంటి చిన్న సంగతుల మీద రచయిత అంతసేపు నిలవడం కొందరికి విసుగనిపించింది. ఆ నిదానమే నవలకు ప్రాణమని నాకనిపిస్తుంది. బాంబుల కింద ఉన్నవాళ్లకు దాంపత్యమంటే అంతే మిగిలింది మరి.

2009 జనవరి నుంచి మూడు లక్షల పైచిలుకు జనం ముల్లైత్తీవు తీరంలో రోజురోజుకూ కుంచించుకుపోయే నేల మీద ఇరుక్కుపోయారు. ప్రభుత్వం సురక్షిత ప్రాంతమని ప్రకటించిన చోటే ఫిరంగి గుండ్లు పడ్డాయి. ఆసుపత్రులూ మిగల్లేదు. పారిపోదామని బయల్దేరినవాళ్లను పులులు కాల్చారు. ఇసుకలో బంకర్లు తవ్వుకుని, గట్లు పేర్చడానికి సంచులు లేక పెళ్లి పట్టుచీరలతో సహా ఉన్న చీరలన్నీ సంచులుగా కుట్టి ఇసుక నింపారు. ఉప్పు వేసిన గంజి కోసం పిల్లలు వరసలో నిలబడితే ఆ వరస మీద గుండ్లు పడ్డాయి. ఇప్పుడు ఏటా మే 18న తమిళులు ఆ గంజినే కాచి పంచుకుంటారు. మృతులు 40 వేల దాకా ఉండవచ్చని ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం 2011లో చెప్పింది. పౌరులకు హాని కలగకూడదన్నదే తమ విధానమని ప్రభుత్వం అంటూ వచ్చింది. నందికడల్ నీళ్లలో నడిచి ఇవతలికి వచ్చినవాళ్లను, దాదాపు మొత్తం జనాన్ని, మెనిక్ ఫార్మ్ లాంటి ముళ్లకంచె శిబిరాల్లో నెలల తరబడి ఉంచారు.

ఆ మే నెలలోనే వట్టువాగల్ వంతెన దగ్గర జరిగిందొకటి నేటికీ తేలలేదు. పులుల్లో ఒక్కరోజు పనిచేసినా ముందుకు రావాలని, విచారించి వదిలేస్తామని సైన్యం చెప్పింది. తల్లులు కొడుకులను, భార్యలు భర్తలను తమ చేతులతోనే తీసుకెళ్లి అప్పగించారు. కొందరు పిల్లలతో సహా వెళ్లారు. ఫాదర్ ఫ్రాన్సిస్ జోసెఫ్ అనే క్రైస్తవ మతగురువు లొంగిపోయేవాళ్ల పేర్లు రాసుకుని, వాళ్లతోనే బస్సెక్కాడు. ఆయనా తిరిగి రాలేదు. బలవంతంగా ఎత్తుకుపోయినప్పటి బాధ వేరు. ఇక్కడ బిడ్డ ప్రాణం దక్కుతుందని నమ్మి అమ్మే చెయ్యి వదిలింది. విడిపోతే బతుకుతామన్న పాత లెక్క చివరిసారి వేసి, మోసపోయారు. అందుకే ఈ తల్లులు పట్టు వీడరు.

మానసిక వైద్యుడు దయా సోమసుందరం జాఫ్నాలో దశాబ్దాలపాటు ఈ మనుషులకు వైద్యం చేసి, గాయం ఒక్కొక్కరిది కాదనీ, కుటుంబానిదీ ఊరిదీ అనీ వాదించాడు. పాశ్చాత్య పద్ధతిలో ఒక్కో రోగిని విడిగా కూర్చోబెట్టి మాట్లాడించడం ఇక్కడ చాలదన్నాడు. తూర్పున మట్టకళప్పు పల్లెల్లో అమ్మవారి గుళ్ల దగ్గర పూనకం వచ్చిన స్త్రీలను, నా కొడుకు ఉన్నాడా అని తల్లులు అడగడాన్ని పరిశోధకురాలు ప్యాట్రిషియా లారెన్స్ నమోదు చేసింది. ఏ కార్యాలయం జవాబు చెప్పని ప్రశ్నను అమ్మవారి ముందు పెట్టుకున్నారు. మన పల్లెల్లో గద్దె అడగడం చూసినవాళ్లకు ఆ నమ్మకం పరాయిదేమీ కాదు.

ఆచూకీ లేని భర్త ఉన్న స్త్రీ బొట్టు పెట్టుకోవాలా, తీసేయాలా? తాళి ఉంచుకోవాలా? శుభకార్యానికి పిలిస్తే వెళ్లాలా? ఉత్తరాదిలో వేల ఇళ్లకు స్త్రీలే దిక్కు, వాళ్లలో ఎందరినో ఈ ప్రశ్నలు రోజూ పొద్దున్నే అద్దం ముందు ఆపుతాయి. బ్యాంకు ఖాతాకూ, భూమి పత్రానికీ మరణ ధ్రువీకరణ కావాలి. అది తీసుకుంటే మనిషి పోయాడని తనే ఒప్పుకున్నట్టు. 2016లో ప్రభుత్వం అదృశ్యమైనట్టు ధ్రువీకరించే వేరే పత్రం తెచ్చింది, గల్లంతైనవారి కార్యాలయానికి చట్టం చేసింది. ఆ కార్యాలయం పని మొదలుపెట్టేసరికి 2018 వచ్చింది. 2017 ఫిబ్రవరిలో కిలినొచ్చిలో, వవునియాలో ఫొటోలు పట్టుకుని రోడ్డు పక్క కూర్చున్న కుటుంబాలు అడిగింది ఒకటే: లొంగిపోయినవాళ్ల జాబితా ఇవ్వండి. 2020 జనవరిలో అధ్యక్షుడు గోటబయ రాజపక్స వాళ్లంతా చనిపోయారనీ, మరణ పత్రాలు ఇస్తామనీ అన్నాడు. ఎలా, ఎవరి చేతిలో, ఎక్కడ అన్నది చెప్పలేదు. కూర్చున్న తల్లుల్లో చాలామంది జవాబు వినకుండానే కన్నుమూశారు.

దేశం దాటినవాళ్ల బతుకుల గురించి సినిమాలు కూడా మాట్లాడాయి. మణిరత్నం 2002 చిత్రం తెలుగులో 'అమృత'గా వచ్చింది. దత్తతలో పెరిగిన పిల్ల కన్నతల్లిని వెతుక్కుంటూ లంకకు వెళ్లే ఆ కథ చాలామంది తెలుగువాళ్లకు ఈ యుద్ధంతో తొలి పరిచయం. పెంచిన ప్రేమను, కన్న ప్రేమను పోటీకి పెట్టకపోవడం దాని గొప్పతనం. యుద్ధానికి కారణాలు మాత్రం అందులో పొగమంచులో ఉండిపోయాయి. 2015లో కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి పొందిన 'దీపన్' ఇంకా దూరం వెళ్లింది. ముగ్గురు పరాయివాళ్లు చనిపోయినవాళ్ల కాగితాలతో భార్యాభర్తలుగా, కూతురుగా నటిస్తూ ఫ్రాన్సు చేరతారు. దీపన్‌గా నటించిన రచయిత శోభాశక్తి ఒకప్పుడు పులుల్లో పనిచేసిన బాలుడే. నిజమైన కుటుంబాలు వీసాల దగ్గర విడిపోతుంటే, కాగితాల మీద కుటుంబం అయినవాళ్లు మెల్లగా ఒకరికొకరు ఏమవుతారన్నది ఆ సినిమా. చివరి భాగంలోని తుపాకుల మోత ఆ సున్నితత్వాన్ని చెడగొట్టిందనే నా అభిప్రాయం.

మనకు దగ్గరగా ఉన్నవాళ్ల మీద సినిమాలు తక్కువ. 1983 నుంచి పడవల్లో ధనుష్కోటి వైపు వచ్చినవాళ్లు, వాళ్ల పిల్లలు, మనవలు తమిళనాడులో నూటికి పైగా శిబిరాల్లో 50 వేల మందికి పైగా ఉన్నారు. 2019 పౌరసత్వ సవరణ చట్టం పాకిస్తాన్, బంగ్లాదేశ్, ఆఫ్ఘనిస్తాన్‌ల నుంచి వచ్చినవాళ్లనే లెక్కలోకి తీసుకుంది. మన చట్టం ప్రకారం 1987 జూలై 1కి ముందు ఈ నేల మీద పుట్టినవాళ్లు పుట్టుకతోనే భారతీయులు. 1986లో మండపం శిబిరంలో పుట్టిన ఒక మహిళ హైకోర్టుకెళ్లి ఈ హక్కు సాధించుకుని, 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఓటు వేసింది. శిబిరవాసుల్లో తొలి ఓటు ఆమెదే. అదే శిబిరంలో, అదే తల్లికి, ఆ తేదీ దాటాక పుట్టిన తమ్ముడో చెల్లెలో ఉంటే, తల్లిదండ్రులిద్దరూ లంకవాళ్లే కాబట్టి, వాళ్లకు ఆ దారి లేదు. ఒకే గుడిసెలో పెరిగిన అక్క ఈ దేశ పౌరురాలు, తమ్ముడికి ఆ పౌరసత్వం లేదు. దీన్ని సరిచేయడం కొలంబో చేతుల్లో లేదు, ఢిల్లీ చేతుల్లో ఉంది.